నిజత్వము: తావో తత్త్వమునందును, అస్తిత్వవాదమునందును

తావో తత్త్వమున నిజత్వమనగా లోకాచారముచే రూపుమార్పబడని సహజస్థితి. దీనిని విపులముగ వర్ణించిన చ్వాంగ్‌త్సు క్రీ.పూ. 4వ శతాబ్దివాడు, సోంగ్ రాజ్యమందలి మెంగ్ అను తావున లక్కతోటకు అధికారిగా నుండెనని చరిత్రకారుడు సిమా చియాన్ వ్రాసెను. ఆయన పేర వెలసిన గ్రంథపు 6వ అధ్యాయమందలి నిజపురుషుడు నిద్రలో కలలు గనడు, మెలకువలో చింతింపడు, జీవితముపై మోహమును గాని మృత్యువుపై ద్వేషమును గాని యెఱుగడు.

సూటియైన నిర్వచనము మాత్రము 31వ అధ్యాయమున లభించును. ఒక ముసలి జాలరి కన్ఫ్యూషియసునకు బోధించు నా ఘట్టమున, తెచ్చిపెట్టుకొన్న యేడ్పు శోకము కాజాలదనియు, ఆచారవిధులు జనకల్పితములు కాగా నిజము ప్రకృతిదత్తమనియు చెప్పబడినది. 11వ శతాబ్దపు కవి సూ షి యీ యధ్యాయము చ్వాంగ్‌త్సు రచన యగునాయని శంకించెను. నిజత్వమును బోధించు భాగమే ప్రక్షిప్తమను ననుమానమునకు గుఱియగుట విచిత్రమే. క్రీ.శ. 312లో మరణించిన గువో షియాంగ్, నేడు దక్కియున్న 33 అధ్యాయముల పాఠమును పరిష్కరించి, ప్రతిజీవియు స్వభావానుగుణముగ వర్తించుటయే స్వేచ్ఛయని వ్యాఖ్యానించెను.

ఇక అస్తిత్వవాదమునకు వచ్చిన, ఐరోపాలో కీర్కెగార్డ్ మూకలో లీనము గాక దైవము నెదుట ఏకాకియై నిలుచు వ్యక్తిని కీర్తించెను. హైడెగ్గర్ 1927 నాటి ‘ఉనికి, కాలము’ అను గ్రంథమున, మనుష్యుడు సామాన్యముగ ‘అందఱు’ తలచినట్లే తలచుచు కాలము గడపుననియు, తన మరణము తనదేయను నెఱుకతో గాని స్వీయజీవితమును చేపట్టజాలడనియు ప్రతిపాదించెను. 1943లో సార్త్ర్ ‘ఉనికి, శూన్యము’ అను గ్రంథమున, పరిచారకత్వమే తన సర్వస్వమైనట్లు అతిశయించి నటించు ఒక కాఫీహోటలు పరిచారకుని ఆత్మవంచనకు నిదర్శనముగ చూపెను.

ఉభయులును లోకాచారమును ధిక్కరించిరి గనుక చ్వాంగ్‌త్సును అస్తిత్వవాదులకు పూర్వజునిగ భావించుట కలదు గాని, యది తొందరపాటు. పరిచారకుని ప్రక్కన చ్వాంగ్‌త్సు వర్ణించిన వంటవాడగు డింగును నిలిపిన భేదము తేటపడును. ఎద్దు కళేబరపు కీళ్ల నడుమ నున్న ఖాళీలను బట్టి కత్తిని నడపుచు, 19 సంవత్సరములైనను దాని పదను చెడనీయని యా వంటవాడు వృత్తిలో పూర్తిగ లీనమయినను గ్రంథకర్త దృష్టిలో నిందార్హుడు కాడు. సార్త్ర్ మతమున మనుష్యుడు తన్ను తాను ఎన్నుకొనుచు నిర్మించుకొనవలెను. చ్వాంగ్‌త్సు గ్రంథపు 2వ అధ్యాయమందలి నన్‌గువో త్సిచి యన్ననో ‘తాను’ను పోగొట్టుకొని కూర్చుండినవాడు. ఎన్నుకొనువాడే లేనిచో ఆత్మవంచనకు తావెక్కడిది?

ఈ రెండు సంప్రదాయములకు చారిత్రకమైన పరిచయమును లేకపోలేదు. మార్టిన్ బూబర్ 1910లో చ్వాంగ్‌త్సు కథలను జర్మనులో ప్రకటించెను. 1930లో బ్రేమెను నగరమున హైడెగ్గర్ ఆ పుస్తకమును తెప్పించి, చేపల యానందమును గూర్చిన కథను మిత్రగోష్ఠిలో చదివి వినిపించెను. 1946 వేసవిలో చైనా పండితుడగు షియావో షిఈతో కలసి తావో తత్త్వవేత్తయగు లావోత్సు గ్రంథానువాదమునకు పూనుకొనెను గాని, యది పూర్తి కాలేదు.