అర టిక్కెట్టు కూడా లేని ప్రయాణికులు

నిర్మల్ చరిత్ర అనగానే నిమ్మనాయుడు, శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ గుర్తుకు రావడం సహజం. వాటి మీద సాధికారంగా రాయగల మిత్రులు మన సంఘంలో ఉన్నారు గనుక ఆ పని వారికే వదిలి, ఈ ప్రత్యేక సంచికకు నేనొక చిన్న విషయం ఎంచుకున్నాను. పండుగ సెలవులు దగ్గరపడగానే మన పెన్షనర్ల ఇళ్లలో చాలాచోట్ల ఒకే రకం ఫోను మోగుతున్నది. "బాపూ, ఈసారి పాపను తీసుకొని హైదరాబాదుల థీమ్ పార్కుకు పోదాం. నువ్వు, అమ్మ కూడా రావాలె." పాపకు రెండేళ్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కొడుక్కు నాలుగు రోజులకు మించి సెలవు దొరకదు. చంటిపిల్లలను వెంటబెట్టుకొని కేవలం వినోదం కోసం ఊరు దాటే అలవాటు మనకు ఎట్లా వచ్చింది, ఎట్లా మారింది అని ఆలోచిస్తే, ఆ ప్రయాణం ఎట్లా కట్టాలో కూడా కొంత తెలుస్తుందని నాకు తోచింది.

మా చిన్నతనంలో, అనగా 1950ల చివర, చంటిపిల్లలతో ప్రయాణమంటే జాతర, కాదంటే బాసర. బాసరకు అక్షరాభ్యాసం కోసం పోయేవారు. పలక మీద అక్షరం దిద్దించడం పెద్దల ముచ్చట. పిల్లలకు మాత్రం అక్కడ ఇంకొక ఆకర్షణ ఉండేది. నిర్మల్‌కు ఆనాడూ రైలు లేదు, ఈనాడూ లేదు. సుమారు 1900 ప్రాంతంలో నిజాం ప్రభుత్వ కాలంలో వేసిన గోదావరి వ్యాలీ రైలుమార్గం బాసర మీదుగా పోతుంది. కాబట్టి మన వైపు పిల్లలు చాలామంది రైలును మొదటిసారి చూసింది సరస్వతీ అమ్మవారి దర్శనానికి పోయినప్పుడే. ఇంటికి వచ్చాక గుడి గురించి అడిగితే బండి కూత గురించి చెప్పేవారు.

ఇక జాతరలో రంగులరాట్నం. కట్టెతో చేసిన నాలుగు పెట్టెలు, ఇద్దరు మనుషులు చేతులతో తిప్పడం. పిల్ల తల్లి ఒడిలో కూర్చునేది. వయసెంత అని గాని, ఎత్తెంత అని గాని అడిగినవాడు లేడు. తిప్పేవాడు పిల్ల మొహం చూసేవాడు. నవ్వితే ఇంకొక చుట్టు, ఏడుపు అందుకుంటే అక్కడే చేత్తో పట్టి ఆపి దింపేవాడు. ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు గాని, మోటారుతో తిరిగే యంత్రానికీ చేత్తో తిరిగే రాట్నానికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. 1893లో అమెరికాలోని షికాగో ప్రపంచ ప్రదర్శనలో జార్జి ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, ఆవిరి యంత్రంతో నడక. మనం జెయింట్ వీల్ అంటున్నది దాని సంతానమే. అంత చక్రం ఒక పిల్ల ఏడుపుకు ఎక్కడబడితే అక్కడ ఆగదు. అందుకే ఎవరు ఎక్కవచ్చు, ఎవరు ఎక్కరాదు అన్నది ముందుగానే తేల్చవలసి వచ్చింది.

జాతర తర్వాత మెట్టు నుమాయిష్. ఉస్మానియా పట్టభద్రులు కొందరు సంస్థానంలో ఆర్థిక పరిశీలన జరపడానికి డబ్బు కూడబెట్టాలనే ఉద్దేశంతో 1938లో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో దీన్ని ప్రారంభించారు. అసలు పేరు నుమాయిష్ మస్నూఆతె ముల్కీ, అనగా దేశీయ ఉత్పత్తుల ప్రదర్శన. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించిన ఆ మొదటి ప్రదర్శన పది రోజులు జరిగింది, దుకాణాలు సుమారు వంద. జనం పెరిగి తోట చాలకపోవడంతో, సర్ మీర్జా ఇస్మాయిల్ ప్రధానిగా ఉన్న 1946లో ఇప్పటి నాంపల్లి మైదానానికి మారింది. తర్వాత రెండేళ్లు దేశవిభజన, పోలీసు చర్యల కారణంగా జరగలేదు. 1949లో రాజగోపాలాచారి గారు తిరిగి ప్రారంభించారు. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అన్న పేరు అప్పటినుండే. జనవరి ఒకటి నుండి నెలన్నర జరగడం ఆనవాయితీ అయింది. వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ వారు కళాశాలలు నడుపుతున్నారన్నది మనవారిలో చాలామందికి తెలియదు.

గమనించవలసింది ఏమంటే, నుమాయిష్‌ను పిల్లల కోసం పెట్టలేదు. సబ్బులు, దుప్పట్లు, ఇత్తడి సామాను చూడడానికి పెద్దలు పోతే, వెంట వచ్చిన పిల్లలు ఊరుకోవడానికి బొమ్మరైలు, జెయింట్ వీల్ వచ్చి చేరాయి. మన నిర్మల్ బొమ్మలకూ అక్కడ గిరాకీ ఉండేది. పొణికి కర్రతో చేసిన జామపండు చేతికిస్తే రెండేళ్ల పిల్ల దాన్ని కొరికి చూసి ఆశ్చర్యపోయేది. అంత తేలిక కర్ర గనుక కాలి మీద పడేసుకున్నా దెబ్బ తగలదు. అడవిలో పొణికి తగ్గిపోవడం వేరే వ్యాసానికి విషయం.

నుమాయిష్‌లో మరొక భయం ఉండేది, తప్పిపోవడం. మైకులో పిల్లల పేర్లు, వేసుకున్న చొక్కా రంగు చెప్పి పిలవడం సాయంత్రం పొడుగునా వినిపించేది. మా పెద్దక్క కొడుకు మూడేళ్లప్పుడు ఒక జాతరలో అరగంట సేపు కనపడకుండా పోయాడు. చివరికి ఒక పేలాల దుకాణం ఆమె పక్కన, చేతిలో బెల్లం ముక్కతో దొరికాడు. పేరు అడిగితే "బాబు" అన్నాడట, ఊరు అడిగితే "మా ఊరు" అన్నాడట. ఆనాటి నుండి మా ఇంట్లో చంటిపిల్లలు ఏ జనంలోకి పోయినా జేబులో పేరు, ఊరు రాసిన చీటీ పెట్టడం ఆచారం. ఇప్పుడు ఆ చీటీ మీద రెండు ఫోను నంబర్లు కూడా ఎక్కాయి.

ఇక్కడ గుమాస్తాగా నాకు తెలిసిన మాట ఒకటి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1956లో ఎల్‌టీసీ వచ్చింది, తర్వాత మన రాష్ట్ర ఉద్యోగులకూ దక్కింది. నాలుగేళ్ల బ్లాకు, సొంత ఊరు, రాష్ట్రంలో ఒక చోటు. ఇవన్నీ ఇది చదువుతున్న మీకు నోటికి వచ్చినవే. నా బల్ల మీదికి వచ్చిన బిల్లులలో ఎక్కువ భాగం తిరుపతివే. దాంట్లో కుటుంబ సభ్యుల పట్టిక ఉంటుంది: పేరు, చుట్టరికం, వయసు, టిక్కెట్టు నంబరు. ఆర్టీసీలో ఐదేళ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు, పన్నెండు దాకా అర టిక్కెట్టు. కాబట్టి చంటిపిల్ల పేరు ఎదురుగా ఒక అడ్డగీత. లెక్కలో లేని ఆ మనిషి వల్లనే ప్రయాణం ఎక్కడ ఆగాలి, ఎప్పుడు బయలుదేరాలి, ఏ పూట తిరిగి రావాలి అన్నవి నిర్ణయమవుతాయని బిల్లు రాసినవారికీ తెలుసు, పాస్ చేసిన మాకూ తెలుసు.

హైదరాబాదులో పిల్లలను దృష్టిలో పెట్టుకొని కట్టిన పెద్ద చోటు నెహ్రూ జంతు ప్రదర్శనశాల అని నా అభిప్రాయం. అంతకుముందు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న జంతువులకు బదులు మీరాలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాలలో దీన్ని కట్టి 1963 అక్టోబరు 6న తెరిచారు. ఏనుగును చూడడానికి ఎత్తు కొలవనక్కరలేదు. నాయనమ్మ చంకనెక్కి చూసినా అదే ఏనుగు.

థీమ్ పార్కు అన్న మాట మనకు ఆలస్యంగా వచ్చింది. వాల్ట్ డిస్నీ తన కూతుళ్లు గుర్రాల రాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను బెంచీ మీద ఊరకే కూర్చోవలసి వచ్చేదని, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆడే చోటు ఉండాలన్న ఆలోచన అక్కడ పుట్టిందని తానే చెప్పుకున్నాడు. అట్లా 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచారు. మొదటి రోజు మండుటెండ, దొంగ టిక్కెట్లతో లోపలికి వచ్చిన జనం, చాలని మంచినీటి కుళాయిలు. అంతటి డిస్నీకే మొదటి రోజు నీళ్ల దగ్గర ఇబ్బంది పడిందంటే, చంటిపిల్లతో పోయేవారు నీళ్ల సీసా ఎందుకు మరువరాదో వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో ఢిల్లీ అప్పూ ఘర్ 1984లో, బొంబాయి ఎస్సెల్ వరల్డ్ 1989లో వచ్చాయి. మొదటిది 2008లో మూతపడింది. హైదరాబాదు దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వచ్చింది. కొచ్చిలో 2000లో వీగాలాండ్ పేరుతో మొదలైన వండర్‌లా వారు బెంగుళూరు తర్వాత 2016 ఏప్రిల్‌లో రావిర్యాల దగ్గర సుమారు 50 ఎకరాలలో హైదరాబాదు పార్కు తెరిచారు. అదే సంవత్సరం అక్టోబరు 11న మన నిర్మల్ జిల్లా అయింది.

మా అబ్బాయి వేసుకున్న ప్రణాళిక ఇది: మొదటి రోజు పొద్దున్నే బయలుదేరి నేరుగా వండర్‌లా, రెండో రోజు రామోజీ, మూడో రోజు తిరుగు ప్రయాణం. అక్కడ పిల్లల టిక్కెట్టుకు వయసు కాదు, ఎత్తు లెక్క. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, 140 దాకా పిల్లల టిక్కెట్టు. మా మనుమరాలిని తలుపు చట్రానికి ఆనించి పెన్సిలుతో గీత గీస్తే 84 వచ్చింది. రెండేళ్ల పిల్లలు సాధారణంగా 85, 87 దగ్గరే ఉంటారట. అనగా ఆ గీత సరిగ్గా ఈ వయసు నెత్తి మీదనే గీశారు. "పాపకు ఫ్రీ, బాపూ" అని అబ్బాయి సంతోషపడ్డాడు. ఉచితం అనగానే అనుమానించడం నా నౌకరీ నేర్పిన గుణం. బస్సులో చంటిపిల్లకు టిక్కెట్టు లేదంటే తల్లి ఒడిలో కూర్చొని అందరితో పాటే ఊరు చేరుతుంది. పార్కులో టిక్కెట్టు లేదంటే అక్కడి పెద్ద యంత్రాలలో ఆమెకు చోటు లేదని కూడా అర్థం. ఆ నిబంధన సరైనదే, పిల్ల క్షేమం కోసమే. కాని అప్పుడు లెక్క ఇట్లా తేలుతుంది: కొడుకూ కోడలూ వంతులవారీగా ఆటలు ఎక్కుతారు, పిల్ల చిన్న రాట్నం మీద పది నిమిషాలు తిరుగుతుంది, మిగతా పూటంతా నాయనమ్మ బెంచీ మీద ఆమెను ఒడిలో పెట్టుకొని కూర్చుంటుంది. డిస్నీ ఏ బెంచీ నుండి తప్పించుకోవాలనుకున్నాడో ఆ బెంచీ మా శ్రీమతికి వచ్చింది.

ఈ మాట నేను అంటే అబ్బాయి కొంచెం నొచ్చుకున్నాడు. "అందరం కలిసి మళ్లీ ఎప్పుడు పోతం బాపూ" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. మా వయసుకు వచ్చే ఏడు అన్నది ఖాయమైన తారీఖు కాదు. అందుకే ప్రయాణం వద్దనలేదు, క్రమం మార్చమన్నాను. కోడలు కాగితం పెన్ను తీసుకొని కూర్చుంది. ఇద్దరం కలిసి రాసినది మిత్రులకు పనికిరావచ్చునని ఇక్కడ చెబుతున్నాను.

నిర్మల్ నుండి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. సోన్ వంతెన దాటి ఆర్మూరు, కామారెడ్డి మీదుగా ఒకప్పుడు ఏడో నంబరు, ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి. నాలుగు గంటలు బండిలో కూర్చున్న పిల్లను అదే రోజు పార్కు గేటు ముందు నిలబెట్టరాదు. కాబట్టి మొదటి రోజు ప్రయాణం, మా మరదలి ఇంట్లో విశ్రాంతి, అంతే. ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుండి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2019లో చెప్పారు. మా మనుమరాలు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎక్కడ ఉంటే అక్కడ పడుకుంటుంది, కాబట్టి ఏ చోటికైనా తెరవగానే పోయి పన్నెండుకు బయటపడడం. రెండో రోజు జూ. సోమవారం మూసి ఉంటుంది గనుక మంగళవారం. అక్కడ బొమ్మరైలు ఉంది, రైలు లేని ఊరి పిల్లకు అదే చాలు. మూడో రోజు రామోజీ. లోపల బస్సుల్లో కూర్చోబెట్టి తిప్పుతారు గనుక మోకాళ్ల వారికి కొంత నయం, పిల్ల నిద్రపోయినా చూపు ఆగదు. అదే రోజు వండర్‌లాకు కొడుకూ కోడలూ ఇద్దరే పోవాలని మా శ్రీమతి పట్టుబట్టింది. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఒక పూట పిల్లలాగా ఆడుకున్నది లేదట. పిల్ల మా దగ్గర, రామోజీలో. ఇది నాకు తట్టని ఆలోచన.

సంచిలో పెట్టవలసినవి ఆమె చెప్పింది, నేను రాశాను: మరిగించి చల్లార్చిన నీళ్లు, రెండు జతల బట్టలు, టోపీ, అటుకులు, అరటిపండ్లు, జ్వరం మందు, పిల్లకు అలవాటైన పాత దుప్పటి. మాకిద్దరికీ ఆధార్ కార్డులు, ఎందుకంటే అరవై దాటినవారికి కొన్నిచోట్ల టిక్కెట్టు తగ్గింపు ఉంది. 2023 డిసెంబరు నుండి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. కాబట్టి నిర్మల్ బస్టాండులో మా అయిదుగురికి అబ్బాయి తీయవలసినవి రెండే టిక్కెట్లు, ఆయనదీ నాదీ. తారీఖు దీపావళి దాటిన తర్వాతి వారానికి ఖాయం చేశాము. అప్పటికి ఎండ తగ్గుతుంది, పిల్ల ఇంకొక సెంటీమీటరు పెరుగుతుంది.