ఖాళీ డిస్కుపై లినక్సు: పూర్వాపరములు

కంప్యూటరు విద్యుత్తు సోకినంతమాత్రమున పనికి వచ్చునది కాదు. మీట నొక్కగనే లోపలి చిన్న చిప్పులో నిలిచియున్న కొలది ఆదేశములు మేల్కొని, మెమరీ యెంత, కీబోర్డు కలదా, డిస్కు కలదా యని పరీక్షించును. పిదప డిస్కు యొక్క మొట్టమొదటి భాగమును చదువబోవును. పాత పద్ధతి యంత్రములలో ఈ భాగము 512 బైట్లు మాత్రమే. అందు 446 బైట్లు తరువాతి ప్రోగ్రామును పిలుచుటకును, 64 బైట్లు డిస్కు విభాగముల పట్టికకును, కడపటి 2 బైట్లు సరియైన డిస్కే యని తెలుపు గుర్తునకును ఏర్పడినవి. ఖాళీ డిస్కులో ఈ గుర్తు ఉండదు. అప్పుడు లాప్‌టాప్ నల్లని తెరపై ఆపరేటింగ్ సిస్టము లేదని ఒక్క పంక్తి చూపి నిలిచిపోవును. తెర చెడలేదు, కీబోర్డు చెడలేదు. ఐనను ఇంటివారు ఆ పెట్టె చచ్చినదే యని తలచి అటకపై పడవేయుదురు, లేక పాతసామానుల వానికి తూకమునకు ఇత్తురు.

ఆ ఒక్క పంక్తిని దాటించుటకు నేడు పైసా వ్యయము లేని మార్గము కలదు. లినక్సు అను ఆపరేటింగ్ సిస్టమును అందు స్థాపించుటయే ఆ మార్గము. పని గంటసేపటిది. కాని అది గంటసేపటి పనిగా మాఱుటకు కొందఱు మనుష్యులు పెక్కేండ్లు శ్రమించిరి. ఖాళీ యంత్రమును మఱియొకరి అనుమతి లేకుండ మేల్కొలుపుట యెట్లు అను ప్రశ్నయే ఆ శ్రమకంతకును మూలము.

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచ్చీ ప్రభృతులు యూనిక్సు అను ఆపరేటింగ్ సిస్టమును ఆరంభించిరి. 1973లో దానిని సి భాషలో తిరిగి వ్రాసిరి. అంతకుముందు ఇట్టి ప్రోగ్రాములను సాధారణముగ ఒక్కొక్క యంత్రపు సొంత భాషలోనే వ్రాయుచుండిరి. ఆ యంత్రము మూలపడినచో ప్రోగ్రామును మూలపడెడిది. సి భాషలోని యూనిక్సు యంత్రమునుండి యంత్రమునకు పోగలిగెను. విశ్వవిద్యాలయములు దాని మూలప్రతిని, అనగా మనుష్యులు చదివి దిద్దదగిన రూపమును, తెప్పించుకొని విద్యార్థులకు బోధించెను. కాని 1979లో వెలువడిన ఏడవ కూర్పుతో వచ్చిన లైసెన్సు ఆ మూలప్రతిని తరగతిలో పాఠముగా చెప్పరాదని నిషేధించినది. పుస్తకము అమ్మి, చదువరాదనుట వంటిది ఈ నిబంధన.

ఇంచుమించు ఆ కాలముననే మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరు పనిచేయుచుండెను. అతని ప్రయోగశాలకు ఒక లేజరు ప్రింటరు వచ్చినది. దానిలో కాగితము తఱచు చిక్కుకొనుచుండెడిది. పాత ప్రింటరు చిక్కుకొన్నప్పుడు ఆ సంగతి తెరపై తెలుపునట్లు స్టాల్‌మన్ దాని ప్రోగ్రామును సవరించియుండెను. క్రొత్తదానికి మూలప్రతి లేదు. అది యున్నదని తెలిసిన మఱియొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, ఎవరికిని ఇయ్యనని మాట యిచ్చియుంటినని అతడు నిరాకరించెను. కాగితము చిక్కుకొనుట చిన్న సంగతి. తన గదిలోని యంత్రమును తాను బాగుచేసికొనరాదనుట స్టాల్‌మన్‌కు చిన్న సంగతిగా తోచలేదు.

1983 సెప్టెంబరు 27న అతడు యూనిక్సును పోలిన సంపూర్ణమైన సిస్టమును స్వేచ్ఛగా పంచుటకై వ్రాసెదనని ప్రకటించెను. దానికి గ్ను అని పేరు. 1984 జనవరిలో ఉద్యోగము విడిచి పనికి పూనుకొనెను. 1989లో అతడు ప్రకటించిన జనరల్ పబ్లిక్ లైసెన్సు ఈ చరిత్రలో ప్రోగ్రాములకన్న తక్కువది కాదు. ఎవరైనను ప్రోగ్రామును వాడవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును గూడ. కాని తీసికొన్నవాడు తనకు లభించిన హక్కులనే తరువాతివానికిని ఇయ్యవలెను. 1991 నాటికి గ్నులో అనువాదక ప్రోగ్రాము, వ్రాతపని సాధనము, ఆదేశములను అందుకొను షెల్ సిద్ధముగ నుండెను. యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి అన్నిటిని నడపు కెర్నెల్ మాత్రము సిద్ధము కాలేదు. ఇల్లు కట్టి దూలము లేకుండ నిలిపినట్లు ఆ పని ఆగియుండెను.

ఆ లోటు తీరినది ఫిన్‌లండు దేశమున. తీర్చినవాడు ఆ లోటును తీర్పనెంచి ఆరంభింపలేదు. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో 386 ప్రాసెసరు గల కంప్యూటరును వాయిదాలపై కొనెను. ఆమ్‌స్టర్‌డాములోని ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో పాఠ్యగ్రంథముతోపాటు వెలువరించిన మినిక్సు అను చిన్న సిస్టమును తెప్పించి అందు స్థాపించెను. యూనిక్సును తరగతిలో బోధించుటకు వీలు లేకపోవుటచేతనే ఆచార్యుడు మినిక్సును స్వయముగ వ్రాసియుండెను. టోర్వాల్డ్స్‌కు ఇంటినుండి ఫోను తీగద్వారా విశ్వవిద్యాలయపు కంప్యూటరును చేరుటకు సాధనము కావలసెను. దానిని వ్రాయుచు, అది దించుకొన్న సంగతులను డిస్కుపై దాచుటకు డిస్కు నడుపు భాగమును, దానికై ఫైళ్ల వ్యవస్థను వ్రాసెను. ఆ వ్రాత క్రమముగ కెర్నెల్‌గా పెరిగెను. ఆగస్టు 25న అతడు తన ప్రయత్నమును మినిక్సు వాడువారికి తెలిపెను. సెప్టెంబరులో 0.01 కూర్పు, సుమారు 10,000 పంక్తులది, వెలువడెను. దానిని ఉంచిన చోటికి లినక్సు అను పేరు పెట్టినవాడు అరి లెమ్కె అను మఱియొక ఫిన్‌లండు వాసి.

ఈ తొలి కూర్పు ఖాళీ డిస్కు గలవారి కక్కఱకు రాదు. దానిని కూర్చుకొనుటకు మినిక్సు ముందే ఉండవలెను. ఒకరి పొయ్యిలోని నిప్పుతో తన పొయ్యి రాజవేసికొన్నట్లుండెను ఆనాటి లినక్సు. ఆ సంబంధము తెగుట యొక పొరపాటువలన జరిగినది. 1991 చివరిభాగమున టోర్వాల్డ్స్ తన మోడెమునకు పంపవలసిన ఫోను ఆదేశములను పరాకున డిస్కునకు పంపెను. మోడెము మ్రోగలేదు, డిస్కుపై మినిక్సు ఉన్న భాగము మాత్రము చెడిపోయెను. మరల మినిక్సును స్థాపించుటయా, తన లినక్సునే నమ్ముకొనుటయా యని అతడు నిర్ణయింపవలసి వచ్చెను. మినిక్సును తిరిగి స్థాపింపలేదు. వ్రాసినవానికే వేఱు దిక్కు లేకపోయిన తరువాత అది తనంతట తాను నిలువక తప్పలేదు.

1992 ప్రారంభమున మఱియొక మార్పు వచ్చినది. తొలి లైసెన్సులో టోర్వాల్డ్స్ సొమ్ము పుచ్చుకొనరాదని వ్రాసియుండెను. సదుద్దేశమే, కాని ఫ్లాపీల వెలయైనను రాబట్టుకొనకుండ దూరస్థులకు పంచువాడెవడు? 0.12 కూర్పుతో అతడు గ్ను లైసెన్సును స్వీకరించెను. దూలము ఇంటికి చేరెను. 1994 మార్చి 14న 1.0 కూర్పు వెలువడునప్పటికి కెర్నెల్ 1,76,250 పంక్తులకు పెరిగియుండెను. గ్ను పరికరములును ఈ కెర్నెలును కలిసినదానిని లోకము లినక్సు అనియే పిలుచుచున్నది. సగము పేరు పోయెనని స్టాల్‌మన్ చేసిన ఫిర్యాదు అన్యాయమైనది కాదు.

ఇక స్థాపన విషయము. మొదట రెండు ఫ్లాపీలు: ఒకదానితో యంత్రమును మేల్కొలిపి, రెండవదానినుండి కొలది ప్రోగ్రాములు తీసికొనెడివారు. తరువాత డిస్కునుండియే యంత్రము లేవవలెనన్నచో పైన చెప్పిన 512 బైట్లను చేతితో దిద్దవలసి వచ్చెడిది. ఒక్క అంకె తప్పినను అంతయు వ్యర్థము. 1992 ఫిబ్రవరిలో మాంచెస్టరు విశ్వవిద్యాలయపు కంప్యూటరు కేంద్రమునుండి ఓవెన్ లె బ్లాంక్ వెలువరించిన కూర్పు ప్రశ్నలడిగి జవాబులనుబట్టి డిస్కుపై స్థాపించుకొనెను. ఆ సంవత్సరముననే పీటర్ మెక్‌డొనాల్డ్ బొమ్మల తెరతో గూడిన పెద్ద కూర్పును ఇచ్చెను. అది తప్పుల పుట్ట. ఆ తప్పులను సవరింపబోయి పాట్రిక్ వోల్కర్డింగ్ 1993 జులైలో స్లాక్‌వేరును, వానితో విసిగి ఇయాన్ మర్డాక్ అను విద్యార్థి ఆగస్టులో డెబియన్‌ను ఆరంభించిరి. తన పేరును, డెబ్రా అను తన స్నేహితురాలి పేరును కలిపి అతడు ఆ పేరు కూర్చెను. నాటి చెడ్డ కూర్పునుండి పుట్టిన ఆ రెండును నేటికిని నిలిచియున్నవి.

స్లాక్‌వేరు తొలి విడుదల ఇరువదికి పైబడిన ఫ్లాపీలు. అందు పదునెనిమిదవది చెడినచో ఏమగునో నాటి వారికే తెలియును. తరువాత సీడీ వచ్చెను. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ క్నోపర్ డిస్కును తాకకయే సీడీనుండి నడచు క్నోపిక్సును చేసెను. అంతవఱకు ముందు స్థాపించి తరువాత పరీక్షించెడివారు. ఇక ముందుగనే ధ్వని వినబడుచున్నదా, నెట్ అందుచున్నదా యని చూచుకొను వీలు కలిగెను. 2004 అక్టోబరులో మార్క్ షటిల్‌వర్త్ పూనికపై డెబియన్ ఆధారముగ ఉబుంటు వెలువడెను. అడిగినవారికి ఏ దేశమునకైనను దాని సీడీలు 2011 వఱకు తపాలాలో ఉచితముగ పంపబడుచుండెను. నెట్ వేగము లేని ఊళ్లకు ఆ తపాలా సంచి చేసిన మేలు మఱువదగినది కాదు.

నేడు సీడీకి బదులు పెన్ డ్రైవు. దానిని సిద్ధము చేయుటకు పనిచేయుచున్న కంప్యూటరు మఱియొకటి కావలెను. పొరుగుపొయ్యి నిప్పు అవసరము ఇంకను పూర్తిగా తీరలేదన్నమాట. దించుకొన్న ఫైలును పెన్ డ్రైవులోనికి మామూలుగ కాపీ చేసినచో లాప్‌టాప్ లేవదు. అందులకై యున్న ప్రోగ్రాముతో డ్రైవుపై మొదటినుండి తుదివఱకు వ్రాయింపవలెను. క్రొత్తవారు తప్పటడుగు వేయుచోటు ఇదియే. పిదప లాప్‌టాప్ సెట్టింగులలో పెన్ డ్రైవును ముందు చదువుమని చెప్పినచో స్థాపన ఆరంభమగును. ఖాళీ డిస్కున కొక సౌలభ్యము కలదు: తుడిచిపోవుటకు అందు పెండ్లి ఫొటోలు లేవు. డిస్కు అంతయు వాడుమని నిర్భయముగ చెప్పవచ్చును. స్థాపన చివర గ్రబ్ అను లేపు ప్రోగ్రామును ఎక్కడ వ్రాయవలెనని ప్రశ్న వచ్చినపుడు మాత్రము తొందరపడరాదు. పొరపాటున పెన్ డ్రైవునే చూపినచో, అది పెట్టియున్నంతసేపు అంతయు చక్కగ నడచి, తీసిన మఱుక్షణము లాప్‌టాప్ మరల నల్లని తెరయే చూపును.

పాత లాప్‌టాపులలో మఱియొక చిక్కు గడియారపు బిళ్ళ. అది అయిపోయినచో యంత్రము తేదీని ఏండ్ల వెనుకకు చూపును. నెట్ అందినను వెబ్‌సైటులు తెఱచుకొనవు. కారణము తెలియక లినక్సునే నిందించుట కలదు. చవుకైన ఆ బిళ్ళ మార్చి తేదీ దిద్దినచో ఈ చిక్కు తీరును. వైఫై చిప్పులకు కావలసిన, తయారీదారుల మూసిన ప్రోగ్రాములను తనతో చేర్చుటకు డెబియన్ చాలకాలము సమ్మతింపలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి సమ్మతించిరి. 2023లోని 12వ విడుదలనుండి అవి స్థాపన ఫైలులోనే యున్నవి. నియమము కొంత సడలినది, లాప్‌టాపులు నెట్‌ను అందుకొన్నవి.

తెలుగువారికి 1991 మఱియొక విధముగను గుర్తుంచుకొనదగినది. ఆ సంవత్సరముననే భారతీయ లిపుల సంకేతముల ప్రమాణము ఐ.యస్. 13194 వెలువడెను, తెలుగునకు స్థానమిచ్చిన యూనికోడ్ తొలి కూర్పును ఆ యేటిదే. స్థానము దొరికినంతనే అక్షరము తెరపై నిలువలేదు. ఒత్తులును గుణింతములును తగినచోట కూర్చు ప్రోగ్రాములు, స్వేచ్ఛగా పంచదగిన ఫాంటులు రావలసెను. పోతన, వేమన, లోహిత్ మొదలగు ఫాంటులు ఆ కొఱత తీర్చినవి. గ్నోమ్, కె.డి.ఇ. అను తెరల మాటలను స్వచ్ఛంద సేవకులు జీతము లేకుండ తెనిగించిరి. హైదరాబాదు కేంద్రముగ స్వేచ్ఛ సంస్థవారు తెలుగు లినక్సునే కూర్చిరి. మూలప్రతి తెఱచియుండుటచేతనే ఇది సాధ్యమైనది. తెలుగు లాభసాటి సంతయా కాదా యని వారు ఏ కంపెనీని అడుగవలసిన పని లేకపోయెను. తెనిగింపులో కొన్ని మాటలు నోరు తిరుగనివిగ నున్నవనుట నిజము. వానిని దిద్దు హక్కును చదువరికే కలదు.

విండోస్ 10నకు సామాన్య రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచెను. పదకొండవ కూర్పు కోరు భద్రతా చిప్పు పెక్కు పాత లాప్‌టాపులలో లేదు. అందుచే ఇట్టి పెట్టెలు ఇండ్లలోను, పాఠశాలలలోను, గ్రంథాలయములలోను పోగుపడుచున్నవి. వీనిని లినక్సు ఆదుకొనగలదు. కాని హద్దు లేకుండ కాదు. టోర్వాల్డ్స్ వాయిదాలపై కొన్న 386 జాతి ప్రాసెసరునకు కెర్నెల్ 2013లోని 3.8 కూర్పుతో ఆధారము తొలగించెను. తాను పుట్టిన యంత్రముపై నేటి లినక్సు నడువదు. 32 బిట్ల యంత్రములకు స్థాపన ఫైలుతో వచ్చిన డెబియన్‌లలో 2023 నాటి 12వదే కడపటిది. 2025 ఆగస్టులో వచ్చిన 13వదానిలో ఆ సౌకర్యము లేదు. కావున అటకనుండి దింపిన లాప్‌టాప్‌లోని ప్రాసెసరు 32 బిట్లదో, 64 బిట్లదో తెలిసికొనిన పిమ్మటనే పెన్ డ్రైవును సిద్ధము చేయవలెను. ఆ వివరము తఱచు స్టిక్కరుపై కనబడదు. ప్రాసెసరు పేరును లాప్‌టాప్ సెట్టింగుల పేజీలో చూచి వ్రాసికొనవచ్చును.