కువైట్ పరిహారం: అర్జీకి ఎవరు అర్హులు?

మా సాల్మియాలో పాతకాపులు కలిస్తే 1990 నాటి పరిహారం మాట ఇప్పటికీ వస్తుంది. ఫలానా వాళ్ళకు వచ్చిందట, మాకెందుకు రాలేదని.

ఆ ఏడు ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. సుమారు 1,70,000 మంది భారతీయులు స్వదేశం చేరారు. ఎక్కువమంది ఎడారి దాటి అమ్మాన్ వెళ్ళి, అక్కడ విమానం ఎక్కినవారే. వారిలో మన కడప, గోదావరి జిల్లాల వాళ్ళూ ఉన్నారు.

1991లో ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్‌ను నెలకొల్పింది. ఇరాక్ చమురు రాబడిలో వాటాయే దాని నిధి. 1991 మార్చి 2 లోగా కువైట్‌నో ఇరాక్‌నో విడిచి వెళ్ళినవారు 'ఎ' తరగతికి అర్హులు. మనిషికి 2,500 డాలర్లు. మరే తరగతిలోనూ అడగమని రాసిస్తే 4,000. వంటమనిషికీ మేనేజరుకీ ఒకటే లెక్క. ఏం పోయిందో రుజువు చేయనక్కర్లేదు, ఎప్పుడు వెళ్ళామో చూపాలి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయిన వాళ్ళకు అదెంత కష్టమో ఇక్కడివారికి నేను చెప్పాలా! పోయిన జీతం, సామాను, బ్యాంకు సొమ్ము లక్ష డాలర్ల దాకా 'సి' తరగతి.

అసలు మెలిక మరొకటి. అర్జీ ఎవరికి వారు నేరుగా పెట్టుకోవడానికి లేదు, ప్రభుత్వం ద్వారానే పంపాలి. మనకు ఢిల్లీలో విదేశాంగ శాఖవారి కువైట్ సెల్ ఉండేది. తమదంటూ ప్రభుత్వం లేని పాలస్తీనీయుల అర్జీలను ఐక్యరాజ్యసమితి సంస్థలే పంపవలసి వచ్చింది.

చెల్లింపుల్లో మామూలు మనుషులకు పెద్దపీట వేసి, కంపెనీలనూ ప్రభుత్వాలనూ వెనక ఉంచారు. ఆ వరస నాకు నచ్చింది. ఆఖరి వాయిదా కువైట్‌కు 2022 జనవరిలో ముట్టింది.