కళా సేకరణకు తగిన ఇల్లు

కళాఖండాలు కొని వాటి మధ్యే కాపురం ఉండాలనుకునేవారికి హైదరాబాదులో ఎండ, చెమ్మ, చెదలతో పేచీ తప్పదు. ఆ పేచీ చాలామందికి ఆబిడ్స్‌లోనే మొదలవుతుంది. ఆదివారం ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో దొరికిన అచ్చుబొమ్మను తెచ్చి, ఫ్రేము కట్టించి, పడమటి కిటికీకి ఎదురుగా తగిలిస్తారు. వెనక మామూలు అట్టో ప్లైవుడ్డో వేస్తే అందులోని ఆమ్లం కాగితంలోకి దిగి, గోధుమరంగు మెల్లగా పాకుతుంది. ఆమ్లం లేని మౌంటు బోర్డు అడిగి వేయించుకోవాలి. బొమ్మ అద్దానికి తగలకూడదు.

కాగితం, బట్ట మీది పనికి మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్‌కు మించి వెలుగు పడనివ్వవు. తైలవర్ణ చిత్రం 200 దాకా ఓర్చుకుంటుంది. వెలిసిన రంగు తిరిగి రాదు కాబట్టి కలంకారీలకు, చేర్యాల పటాలకు కిటికీలేని నడవ మేలు. వానజల్లు కొట్టే బయటి గోడ, బాత్రూం గోడ దేనికీ పనికిరావు. ఎక్కడ తగిలించినా ఫ్రేము వెనక గాలాడేలా బెండు ముక్కలు అతికించాలి.

బిద్రీ సంగతి వేరు. జింకు ఎక్కువగా ఉన్న ఆ లోహానికి బీదరు కోట మట్టి, నవసాగరం పట్టించి తెచ్చిన నలుపే అందం. ఇత్తడి చెంబులా తోమితే అది కాస్తా పోతుంది.

ఇల్లే మ్యూజియమైన ఉదాహరణలు నగరంలో రెండున్నాయి. మూడో సాలార్‌జంగ్ 1949లో కన్నుమూశాక, ఆయన సేకరణతో దివాన్ దేవిడీలో 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1968లో అది ఇప్పటి భవనానికి తరలింది. ఆబిడ్స్‌కు కొద్ది దూరంలోని దోమలగూడలో జగదీశ్, కమలా మిత్తల్ దంపతులది మరో దారి. ఇద్దరూ చిత్రకారులే. దశాబ్దాలపాటు కూడబెట్టిన సూక్ష్మచిత్రాలను, వస్త్రాలను, బిద్రీని 1976లో ట్రస్టుకు అప్పగించేశారు. 2015లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన దక్కన్ సుల్తానుల ప్రదర్శనకు ఇక్కడి వస్తువులూ వెళ్లాయి.

ఇంత సంపద ఏ ఇంటి గోడలకూ పట్టదు, పట్టించనూ కూడదు. కొన్నే బయట పెట్టి, మిగతావి పొడిగా ఉండే స్టోరులో దాచి, కొన్ని నెలలకోసారి మార్చుకోవడం ఇంటికీ బొమ్మకీ మంచిది. ప్లాను గీయించేటప్పుడే ఆ గదికి చోటు అడగాలి. అంతకుముందు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో 1930లో ఏర్పడిన స్టేట్ మ్యూజియానికి వెళ్లి, అజంతా చిత్రాల నకళ్లు చూసి రండి. బొమ్మకీ చూసేవారికీ మధ్య ఎంత ఎడం కావాలో అక్కడ తెలుస్తుంది.