కీళడి: పెంకుతో పాటు కాపాడాల్సింది లోతును కూడా

తమిళనాడు శివగంగ జిల్లాలో, మదురైకి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు కీళడి. అక్కడి కొబ్బరితోటల్లో 2015లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ (ఏఎస్ఐ) తవ్వకాలు మొదలుపెట్టింది. 2018 నుంచి ఆ పని రాష్ట్ర పురావస్తు శాఖ చేతికొచ్చింది. ఇటుక గోడలు, మట్టి ఒరల బావులు, తమిళ బ్రాహ్మి అక్షరాలున్న కుండ పెంకులు బయటపడ్డాయి. తోటలు ఎక్కువగా ప్రైవేటు భూములు. రైతు ఒప్పుకుంటేనే గుంత తీసేది. పని అయ్యాక పూడ్చి అప్పగించేవారు.

బడి పిల్లలకు కీళడి గురించి ఒక్క సంఖ్యే చెప్పాలంటే, అది 353. అన్ని సెంటీమీటర్ల లోతులో దొరికిన నమూనా క్రీ.పూ. 580 నాటిదని 2019లో రాష్ట్ర శాఖ ప్రకటించింది. బావి తవ్వుతూ ఎవరైనా పెంకును తీసి ఇంటికి పట్టుకెళితే పెంకు మిగులుతుంది గానీ, అది ఏ పొరలో, దేని పక్కన ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. 2025లో తొలి విడతల నివేదికను సవరించమని ఏఎస్ఐ కోరినప్పుడు పెట్టిన అభ్యంతరాల్లో ఇదీ ఒకటి: లోతు ఒక్కటే చాలదు, పొర సంఖ్య కూడా ఉండాలి. తవ్వకాలకు సారథ్యం వహించిన అమర్‌నాథ్ రామకృష్ణ తన నిర్ధారణలను సమర్థించుకున్నారు. రాజకీయం ఎంతైనా ఉండొచ్చు, వాదనకు మాత్రం కేంద్రం మట్టి పొరే.

2023 మార్చిలో కీళడిలో మ్యూజియం తెరిచారు. పిల్లల్ని తీసుకెళ్లడం మంచిదే. కానీ అద్దాల పెట్టెలో పెంకుకు లోతు ఉండదు. బడి ఆవరణలోనే ఇసుక, ఎర్రమట్టి, బూడిద పొరలుగా పోసి, టేపుతో కొలుస్తూ తవ్విస్తే ఆ సంగతి ఒక్క పూటలో అర్థమవుతుంది.

పెద్దలతో మాట్లాడటం ఇంతకంటే కష్టం. ‘పెంకు దొరికిందని చెబితే పొలం పోతుందేమో’ అన్న భయం దేశంలో చాలా ఊళ్లలో ఉంది, అది పూర్తిగా నిరాధారమూ కాదు. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అయితే పెంకు దొరికినంత మాత్రాన ఆ హోదా రాదు. కేంద్రం ముందుగా నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు చెప్పడానికి రెండు నెలల గడువుంటుంది. పురావస్తు అధికారులు బడికంటే ముందు గ్రామసభలో చెప్పాల్సింది ఇదే.

ఏదైనా కనబడితే కదిలించకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, రెవెన్యూ లేదా పురావస్తు అధికారులకు తెలపాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాల్సిందే.