తెలుగునాట తొలి క్రైస్తవులు – సాంఘిక బహిష్కరణ

క్రైస్తవం పుచ్చుకున్న తొలి తరాల తెలుగువారి పట్ల ఊరి పెద్దలు, పాలకులు నడుచుకున్న తీరు ఈ వ్యాస విషయం. రోమన్ సామ్రాజ్యంలో తొలి క్రైస్తవులను శిక్షించింది చక్రవర్తులే. క్రీ.శ. 64లో నీరో, 303లో డయొక్లీషియన్ పేర్లు ఇందుకు ప్రసిద్ధం. 313లో మిలాన్ ఒప్పందంతో వారికి ఆరాధనా స్వేచ్ఛ దక్కింది. తెలుగునాట శిక్ష వేసింది ఊరు.

18వ శతాబ్దిలో జెస్యూట్ ఫాదరీల వల్ల రాయలసీమలో కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలు కథోలికులయ్యాయి. వారిలో పలువురు తర్వాత గుంటూరు సీమకు వలస వెళ్లారు.

1836లో శామ్యూల్ డే రాకతో అమెరికన్ బాప్టిస్టుల పని మొదలైంది. మొదటి ముప్పై ఏళ్లలో అది పెద్దగా సాగలేదు. 1866లో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకోవడంతో పరిస్థితి మారింది. యోగ సాధనలో జీవితం గడిపిన ఈ మాదిగ పెద్ద ఊరూరా తిరిగి తనవారికి బోధించాడు. 1867 జనవరిలో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ ఆ ఊరి దగ్గర విడిది చేసినప్పుడు 28 మంది బాప్తిస్మం పొందారు.

కొత్త విశ్వాసులు మూడు నియమాలు పెట్టుకున్నారు: ఆదివారం పని చేయరాదు, జాతరల్లో డప్పు కొట్టరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. ఈ మూడూ ఊరి కట్టుబాటును కదిలించాయి. చెప్పులు, కపిల బానలు కుట్టేది, వెట్టి చేసేది, పండుగకు డప్పు మోగించేది వాళ్లే. కరణాలు, మునసబులు, భూస్వాములు బదులు తీర్చుకున్నారు. నీళ్లు, బజారు, దారి మూసేశారు. కుమ్మరి కుండ ఇవ్వకుండా, చాకలి బట్ట ఉతకకుండా కట్టడి చేశారు. కూలి పోయింది, దొంగ కేసులు మీద పడ్డాయి. అయినా పేరయ్య వంటివారు చూపిన ఓర్పు అసాధారణం. మాదిగలను చేర్చుకున్నందుకు ఒంగోలు మిషన్ బడిలోని అగ్రకులాల పిల్లలు వెళ్లిపోయారు. క్లఫ్ వెనక్కి తగ్గలేదు.

1876–78 నాటి ధాత కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఖ్య పెరగడమే వారికి కొంత రక్షణ అయింది.

సికింద్రాబాదు సంగతి వేరు. 1806లో ఏర్పడిన కంటోన్మెంటులో సెయింట్ జాన్స్ (1813), 1850లో పూర్తయిన సెయింట్ మేరీస్ వంటి చర్చిలు పటాలాల నీడలో పెరిగాయి. 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ ఇక్కడి నుంచే వెస్లియన్ మిషన్ పనిని నిజాం పల్లెల్లోకి నడిపించాడు. ఆ మిషనే కట్టించిన మెదక్ చర్చి ప్రతిష్ఠ 1924లో జరిగింది.

మతం మారినా వారసత్వ హక్కు పోదని బ్రిటిష్ ఇండియాలో 1850 నాటి చట్టం చెప్పింది. ఆస్తే లేని మాదిగలకు, మాలలకు దానివల్ల ఒరిగింది తక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉంచింది. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ–సి కింద ఉన్నారు. ఈ అంశాన్ని పరిశీలించేందుకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది.