ఉపడైరెక్టరీల బిల్డ్ నియమాలు

ఏ ఫైలు దేనిమీద ఆధారపడుతుందో, అది మారితే వేటిని మళ్లీ కంపైల్ చేయాలో చెప్పేవే బిల్డ్ నియమాలు. వాటిని అమలుచేసే ‘మేక్’ ప్రోగ్రామును స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాశారు. కోడ్ పెరిగి ఉపడైరెక్టరీలుగా విడిపోయాక ఒక్కోదానికి ఒక మేక్‌ఫైలు (ఆ నియమాలు రాసే ఫైలు) పెట్టి, పై మేక్ కిందికి దిగి మళ్లీ మేక్‌నే నడిపే పద్ధతి పాతుకుపోయింది. మేక్‌ఫైళ్లను తయారుచేసే ఆటోమేక్ కూడా దాన్నే అనుసరించింది. ఈ పద్ధతి మూలలోపాన్ని ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ పీటర్ మిల్లర్ 1990ల చివర ఒక వ్యాసంలో ఎత్తిచూపారు. డైరెక్టరీల విభజన మన సౌకర్యం కోసం చేసుకున్నది. ఆధారాలు ఆ హద్దులు దాటిపోతాయి. ఒక్కో మేక్‌కు తన ముక్కే కనిపిస్తుంది కాబట్టి కట్టాల్సినది కట్టకుండా వదిలేస్తుంది, లేదా అక్కర్లేనిది మళ్లీ కడుతుంది.

తెలుగు అనువాదాలే దీనికి మంచి సాక్ష్యం. గ్నూ గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనం వాడే ప్రోగ్రాముల్లో అనువాదాలు ‘పీఓ’ అనే ఉపడైరెక్టరీలో ఉంటాయి. కానీ అనువదించాల్సిన వాక్యాలు పుట్టేది పక్కనున్న సోర్స్ డైరెక్టరీల్లో. వాటి ఫైళ్ల పేర్లను పాట్‌ఫైల్స్ జాబితాలో రాయాలి. ఆ ఫైళ్లలో కొన్ని బిల్డ్ సమయంలోనే తయారయ్యేవైతే, సోర్స్ డైరెక్టరీ కన్నా ముందు పీఓలోకి దిగిన మేక్‌కు అవి దొరకవు. జాబితాలో లేని ఫైలులోని వాక్యాలు అనువాదకుల దాకా రావు, తెరమీద ఇంగ్లీషులోనే మిగులుతాయి. అనువాదకుల శ్రమ ఎంతటిదైనా నియమం తప్పితే అది పాఠకుడికి చేరదు.

అన్నిటికీ ఒకే మేక్‌ఫైలు పెడితే అది మోయలేనంత అవుతుందని ఒక అభ్యంతరం. మిల్లర్ అడిగింది అది కాదు. ప్రతి డైరెక్టరీలో చిన్న జాబితా ఉంచి, వాటన్నిటినీ ఒకే మేక్ చేర్చుకుని చదవాలన్నారు. లినక్స్ కెర్నల్ నేటికీ కిందికి దిగే పద్ధతిలోనే బాగా నడుస్తోంది కదా అనేది ఇంకా బలమైన అభ్యంతరం. అయితే అక్కడి ఉపడైరెక్టరీల మేక్‌ఫైళ్లలో చాలావాటిలో ఉండేవి ఆబ్జెక్టుల పేర్లే. నియమాలు ఒక్కచోట ఉంటాయి, హెడర్ల ఆధారాలను కెర్నల్ బిల్డ్ వ్యవస్థ కేబిల్డ్ తానే నమోదు చేస్తుంది. ఆ క్రమశిక్షణ లేని చోట ఈ పద్ధతి నిలవదు.

గ్నోమ్ డెస్క్‌టాప్ ఎంచుకున్న మెసాన్ అనే బిల్డ్ సాధనం ఉపడైరెక్టరీల వివరణలన్నీ చదివి, మేక్‌లాగే బిల్డ్‌ను నడిపే నింజాకు ఒకే ఆధార పటం ఇస్తుంది. అయినా పీఓలోని లింగ్వాస్ అనే భాషల జాబితా ఫైలులో తెలుగు భాషా సంకేతం చేర్చకపోతే అనువాదం కంపైల్ కాదు. తెలుగు అనువాదం పంపేవారు ఆ సంకేతాన్ని కూడా తప్పక చేర్చాలి.